బంతి అందరి చేతులకూ రావాలి



ఈ నెల మేము వ్రాయబోయేది బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి. "అయ్యగారికి ఆటలతో ఏమి పని?" అని కొందరు అనుకోవచ్చును. మా పిల్లల విషయంలో మేమే చేసిన ఒక పొరపాటును, దానిని దిద్దుకున్న విధమును మీతో చెప్పుకోవాలనిపించింది. పిల్లలున్న కుటుంబాలకూ, పిల్లలు ఆడుకొనే ఆవరణమున్న సంఘాలకూ ఇందులో పనికివచ్చే సంగతులున్నాయని మా నమ్మకం.

రెండేళ్ళ క్రిందట వి.బి.ఎస్. ముగిసిన వారంలో జమ్మలమడుగు నుండి పదిమంది ఆడపిల్లలను బస్సులో ప్రొద్దుటూరుకు తీసుకువెళ్ళాము. అక్కడి పిల్లలతో ఒక స్నేహపూర్వకమైన ఆట పెట్టుకున్నాము. అందరూ 8, 9 తరగతులు చదివే పిల్లలే. వారికి నెల రోజులు ఆట నేర్పినది మేమే. డిప్లొమా చదివే రోజుల్లో హాస్టలు జట్టులో ఆడినవాళ్ళము కాబట్టి మాకు ఆట బాగా తెలుసునని అనుకున్నాము. ఒక్క పాయింటు తేడాతో, 19-18తో ఓడిపోయాము.

ఓటమి పెద్ద విషయం కాదు. తిరుగు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్న పొట్టి పిల్ల ఒకతె కళ్ళు తుడుచుకుంటూ ఉంది. "ఏం పాపా, ఒక్క పాయింటే కదా" అన్నాము. ఆ అమ్మాయి, "ఓడినందుకు కాదయ్యగారూ. నాకు బాలు ఒక్కసారన్నా ఇయ్యలేదు. ఊరికే ఉరుకుతానే ఉండా. మాయమ్మ కూలి పోగొట్టుకోని చూసేదానికి వచ్చింది" అన్నది.

ఆ మాట మాకు ముల్లులాగా గుచ్చుకున్నది. ఆ తల్లి ఆట ముగిశాక మా దగ్గరకు వచ్చి, "మా పాప ఆడిందా సామీ?" అని అడిగియుండెను. ఆడిందనే చెప్పాము. బస్సులో కూర్చున్నాక తెలిసింది, ఆ పాప ఆడలేదు, పరుగెత్తింది అంతే. ఆ ఇంట్లో తండ్రి అప్పటికే, "తొమ్మిదికి వచ్చింది, ఇంక ఆటలు చాలు" అంటున్నాడట. ఆ రోజు మేము ఆయన మాటకు బలం చేకూర్చినట్టయింది.

పులివెందుల సారు అడిగిన రెండు ప్రశ్నలు

తరువాత కొన్ని దినాలకు ఒక కుటుంబ ప్రార్థనకై ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్ళాము. ఆ ఇంటికి విశ్రాంత పి.ఇ.టి. సారు ఒకరు వచ్చారు. చీనీతోట చూసుకుంటూ ఇప్పటికీ సాయంకాలం పిల్లలకు ఆటలు నేర్పే మనిషి. భోజనాల దగ్గర మా ఓటమి సంగతి చెప్పాము. ఆయన రెండే ప్రశ్నలు వేశారు.

"అయ్యగారూ, బుట్ట క్రిందికి వెళ్ళి కూడా ఎన్ని పోగొట్టినారు? ఒక పిల్ల చేతి నుండి ఇంకొక పిల్ల చేతికి బాలు ఎన్నిసార్లు పోయింది?"

స్కోరు వ్రాసిన నోటుపుస్తకం మా సంచిలోనే ఉంది. తీసి లెక్కపెట్టాము. దగ్గర నుండి వేసినవి 14, పడినవి 3. పాసుల లెక్క మేము వ్రాయనే లేదు. ఆయన నవ్వి, "వ్రాయలేదంటే నేర్పలేదనే కదా" అన్నారు.

నిజమే. ఆ నెల రోజులూ మేము దూరం నుండి బంతి వేయడమే నేర్పాము. దూరం నుండి పడితే చూసేవారు చప్పట్లు కొడతారు, నేర్పేవారికీ పేరు వస్తుంది. పొడుగ్గా, బలంగా ఉన్న ఇద్దరు పిల్లలకు అది వచ్చింది. మిగిలినవారు ఆ ఇద్దరి వెంట పరుగెత్తారు.

పాస్‌తోనే పుట్టిన ఆట

ఆ రోజు సారు ఈ ఆట పుట్టిన కథను గుర్తుచేశారు. మన పాఠకులకు అది తెలియవలసిన కథే. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు, 1861లో పుట్టినవాడు. తొమ్మిదేళ్ళ వయస్సులో టైఫాయిడ్ వలన తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగాడు. మాంట్రియల్‌లో వేదాంత విద్య ముగించి, తరువాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో వ్యాయామం నేర్పడానికి చేరాడు.

1891 చలికాలం. బయట మంచు. లోపల డ్రిల్లు చేసి చేసి విసిగిపోయిన 18 మంది యువకులు. వారిని అదుపులో పెట్టగల క్రొత్త ఆట ఒకటి రెండు వారాల్లో కనిపెట్టమని పై అధికారి పని అప్పగించాడు. ఫుట్‌బాల్ వంటి ఆటను గది లోపల ఆడితే దెబ్బలు తగులుతాయి. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఆపాలంటే పడదోయవలసి వస్తున్నదని నైస్మిత్ గమనించాడు. పరుగే లేకపోతే పడదోయవలసిన పని లేదు కదా! కాబట్టి బంతి పట్టుకున్నవాడు పరుగెత్తరాదు, పట్టుకున్న చోటు నుండే విసరాలి అని నియమం పెట్టాడు. గోలును తలల కంటే పైన పెడితే బలంగా కొట్టి ప్రయోజనముండదు, మెల్లగా పైకెత్తి వేయాలి. చిన్నప్పుడు ఒక బండ మీది రాతిని దూరం నుండి రాతితో పడగొట్టే ఆట ఆడినప్పుడు, గట్టిగా విసిరిన రాయి కంటే మెల్లగా ఎత్తి వేసిన రాయే మేలని ఆయన తెలుసుకున్నాడు. మన ఏడుపెంకులాట ఆడిన పిల్లలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పాఠశాల కాపలాదారు ఇచ్చిన రెండు పీచ్ పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున మేకులతో కొట్టి, ఆ డిసెంబరులో మొదటి ఆట ఆడించాడు. నియమాలు 13. జట్టుకు తొమ్మిదిమంది. ఆటంతా కలిపి పడినది ఒకే ఒక గోలు. నేలమీద బంతిని కొడుతూ పోయే డ్రిబ్లింగ్ ఆ నియమాల్లో లేదు, అది తరువాత వచ్చింది. అంటే ఈ ఆట పుట్టినప్పుడు ప్రక్కవాడికి బంతి ఇవ్వడమొక్కటే ముందుకు సాగే మార్గం. మా పిల్లల ఆటలో లేనిది సరిగ్గా అదే.

మరుసటి సంవత్సరం, 1892లోనే, సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ కళాశాలలో ఆడపిల్లలకు ఈ ఆట నేర్పింది. ఆడపిల్లలకు ఇది క్రొత్తగా వచ్చిన ఆట కాదని తల్లిదండ్రులు గమనించాలి. మొదటి ఆట ఆడిన 18 మందిలో ఒకడైన డంకన్ పాటన్ 1894లో దీనిని మన దేశానికి తెచ్చాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాది పాఠశాలలకు ఎందరో డ్రిల్లు మాస్టర్లను ఇచ్చింది. మా పులివెందుల సారుకు ఆట నేర్పిన గురువు అక్కడ చదివినవారేనట.

పాస్ నేర్పే విధము

జమ్మలమడుగుకు తిరిగి వచ్చి మొదటి నుండి మొదలుపెట్టాము. సారు చెప్పినట్లు రెండు వారాలు బుట్ట జోలికి పోలేదు.

మొదట చెస్ట్ పాస్, అనగా రొమ్ము ఎత్తు నుండి ఇచ్చే పాస్. బంతిని వేళ్ళతో పట్టుకోవాలి, అరచేతికి అతికించరాదు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. ఒక అడుగు ముందుకు వేస్తూ రెండు చేతులతో సమానంగా త్రోయాలి. బంతి వెళ్ళిపోయిన తరువాత బొటనవేళ్ళు నేలను, అరచేతులు బయటికి చూస్తూ ఉండాలి. అలా ఉంటే బంతి సూటిగా పోతుంది.

రెండవది బౌన్స్ పాస్. ఎదుట పొడుగువారు చేతులెత్తి అడ్డం నిలిచినప్పుడు పొట్టి పిల్లకు ఇదే ఆధారం. ఇద్దరి మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే, రెండు భాగాలు దాటిన చోట బంతి నేలను తాకాలి. అప్పుడది అందుకొనేవారి నడుము ఎత్తుకు లేస్తుంది. మరీ ముందు తాకితే మధ్యలోనే దొరికిపోతుంది, మరీ దగ్గర తాకితే కాళ్ళకు తగులుతుంది. మూడవది తలపై నుండి రెండు చేతులతో ఇచ్చే పాస్, ఇది కొంచెం దూరానికి.

పాస్‌లో సగం పని అందుకొనేవారిది. మా పిల్లలకు ఈ మాట క్రొత్తగా తోచింది. బంతి కావలసినవారు రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు విప్పి చూపాలి. ఉన్నచోట నిలబడి ఎదురుచూడక బంతికి ఎదురు వెళ్ళి అందుకోవాలి. ఇచ్చేవారు పేరు పెట్టి పిలవాలి. బస్సులో ఏడ్చిన పాపను మేము గమనిస్తే, ఆమె ఎప్పుడూ చేతులు క్రిందికి వ్రేలాడవేసుకొని పరుగెత్తేది. బంతి తనకు రాదని ముందే అనుకున్నది. చేయి చాపి అడగడం ఆమెకు నేర్పవలసి వచ్చింది, చూసి ఇవ్వడం పొడుగు పిల్లలకు నేర్పవలసి వచ్చింది. ఈ రెండూ ఒకేసారి జరిగితేనే పాస్ కుదురుతుంది.

ఒంటరిగా ఉన్న పిల్లకు గోడ చాలు. రొమ్ము ఎత్తున బొగ్గుతో ఒక గుండ్రం గీసి, మూడు మీటర్ల దూరం నుండి రోజుకు 50 పాసులు గోడకు ఇచ్చి తిరిగి అందుకోవాలి. ఇద్దరుంటే ఎదురెదురుగా నిలిచి, తరువాత ప్రక్కప్రక్కన నడుస్తూ, ఆ తరువాత పరుగెత్తుతూ ఇచ్చిపుచ్చుకోవాలి. అవతలి పిల్ల ఉన్నచోటికి కాదు, చేరబోయే చోటికి బంతి పోవాలి. నలుగురైదుగురుంటే వలయంగా నిలిచి మధ్యలో ఒక దొంగను పెట్టాలి. దొంగకు బంతి దొరికితే ఆ పాస్ ఇచ్చినవారు దొంగ కావాలి. పాస్ ఇచ్చిన వెంటనే నిలబడిపోకుండా బుట్ట వైపు కదలడం కూడా ఇక్కడే అలవాటు చేయాలి.

చివరి పది నిమిషాలు డ్రిబ్లింగ్ లేకుండా ఆట ఆడించాము, నైస్మిత్ కాలంలో లాగానే. ఐదుగురి చేతులూ తాకిన తరువాతనే బుట్టలో వేయాలి, లేకపోతే లెక్కకు రాదు. మొదటి రోజు పొడుగు పిల్లలకు కోపం వచ్చింది. "ఆ పాపకిస్తే జారవిడుస్తుంది అయ్యగారూ" అన్నారు. జారవిడిచింది కూడా. వారం దాటేసరికి జారవిడవడం తగ్గింది, ఎందుకంటే అప్పటికి ఆమె చేతికి బంతి వందలసార్లు వచ్చింది.

దగ్గర నుండి వేయడం

దగ్గరి బంతి సులువైనదే, మరి ఎందుకు పోతుంది? పరుగెత్తి వచ్చిన వేగమంతా బంతిలోకి పోతుంది. పిల్ల కళ్ళు బోర్డును గాక బంతిని చూస్తాయి. బంతి పైకి లేవక అడ్డంగా పోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. రింగు అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, పెద్ద బంతిది సుమారు 24. అంటే రింగు బంతికి ఇంచుమించు రెండింతలు. కాని అది పైనుండి దిగే బంతికి మాత్రమే. ఒక చెంబును పైనుండి చూడండి, మూతి గుండ్రంగా కనబడుతుంది. అదే చెంబును కంటి ఎత్తున పట్టి చూడండి, మూతి సన్నని గీతలాగా కనబడుతుంది. అడ్డంగా పోయే బంతికి రింగు అలాగే సన్నబడిపోతుంది. ఎత్తి వేయమని చెప్పేది అందుకే.

మొదట రింగుకు ఒక మీటరు దూరంలో నిలబెట్టాలి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, మోచేయి బంతి క్రిందికి వచ్చేటట్లు పట్టుకొని, ఒక చేత్తో పైకెత్తి వేయాలి. రెండవ చేయి ఊతమే గాని త్రోయరాదు. వేసిన తరువాత మణికట్టు వంగి, వేళ్ళు రింగులోకి చూస్తున్నట్లు ఒక క్షణం ఉండాలి. ఐదు పడితే ఒక అడుగు వెనుకకు. పడకపోతే ఉన్నచోటనే. మా పిల్లలు కొందరు పది రోజులు ఆ మొదటి స్థలం వదలలేదు, అందులో సిగ్గుపడవలసినది లేదు.

ప్రక్క నుండి వేసేటప్పుడు బోర్డు మంచి స్నేహితుడు. బోర్డు మీద రింగుకు పైగా గీసిన చిన్న చతురస్రం ఉంటుంది కదా, దాని దగ్గరి పై మూలకు మెత్తగా తాకిస్తే బంతి లోపలికి దిగుతుంది.

తరువాత లే-అప్, అనగా పరుగున వచ్చి వేయడం. కుడి వైపు నుండి అయితే కుడి అడుగు, ఎడమ అడుగు, ఎగురు. కుడి మోకాలు పైకి లేవాలి, కుడి చేత్తో వేయాలి. ఎడమ వైపు నుండి అన్నీ తారుమారు. ముందు బంతి లేకుండా నడుస్తూ "కుడి, ఎడమ, ఎగురు" అని పైకి అంటూ చేయించాము. ఎగరడం ముందుకు గాక పైకి ఉండాలి. బంతిని చేతుల్లోకి తీసుకున్నాక రెండడుగులే నియమం, మూడవది పడితే బంతి ఎదుటివారిది. అలాగని బుట్ట క్రిందనే కాచుకొని ఉండడం కుదరదు. మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు ఆ గీతల లోపల మూడు సెకన్లకు మించి నిలువరాదు.

బుట్ట క్రింద సాధనకు మరొక పద్ధతి జార్జ్ మైకన్ పేరుతో లోకమంతటా చెల్లుతున్నది. ఆయన 6 అడుగుల 10 అంగుళాల మనిషి, మందపాటి కళ్ళద్దాలు, మొదట్లో కాళ్ళూ చేతులూ కుదురుగా ఆడేవి కావు. రే మేయర్ అనే శిక్షకుడు ఓపికగా దిద్దితే ఆయన కాలంలోకెల్లా గొప్ప ఆటగాడయ్యాడు. పద్ధతి ఇది: బుట్ట క్రింద నిలిచి కుడి వైపు కుడి చేత్తో ఒకటి, పడిన బంతిని నేల తాకనీయక పట్టుకొని ఎడమ వైపు ఎడమ చేత్తో ఒకటి, అలా మార్చి మార్చి. రెండు నిమిషాల్లో పిల్లలకు చెమట పడుతుంది, బలహీనమైన చేయి కూడా పని నేర్చుకుంటుంది.

పొట్టివారికి ఈ ఆట పనికిరాదనేవారికి ఒక్క మాట. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ 1987 నుండి 2001 వరకు అమెరికాలోని ఎన్.బి.ఎ.లో ఆడాడు. ఆయన పేరు నిలిచింది ముఖ్యంగా ఇతరులకు ఇచ్చిన పాసుల వలననే.

మన ఆవరణంలో ఎలా?

పూర్తి మైదానం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అంత స్థలం మనకెక్కడిది? అక్కరలేదు. ముగ్గురేసి ఆడే ఆట సగం మైదానంలో, ఒకే బుట్టతో సాగుతుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దానికీ చోటు దొరికింది. పెద్దలకు రింగు ఎత్తు 3.05 మీటర్లు, చిన్నపిల్లలకు 2.60 మీటర్లు. 12 ఏళ్ళ లోపువారికి 5వ నంబరు బంతి, ఆపై ఆడపిల్లలకు 6వ నంబరు బంతి కొనాలి. పెద్ద బంతి ఇస్తే చిన్న చేతులు చెడు అలవాటు నేర్చుకుంటాయి.

స్తంభాన్ని లోతుగా పాతి కాంక్రీటు వేయాలి, రింగుకు వ్రేలాడడం గట్టిగా మాన్పించాలి. వదులు స్తంభం మీద పడితే ప్రాణాపాయం. స్తంభానికి పిల్లల ఎత్తు వరకు పాత బొంత చుట్టాలి. మన ఎండలకు వేసవిలో ఉదయం ఏడున్నర దాటనీయరాదు. మధ్య మధ్య నీళ్ళు, తరువాత మజ్జిగ ఇవ్వాలి. బంతి తగిలి వేలు బెణికితే లాగి సరిచేయడం కూడదు. చల్లటి నీళ్ళలోనో ఐసుగడ్డతోనో చల్లబరచి, వాపు తగ్గకపోతే డాక్టరుకు చూపాలి.

మళ్ళీ ప్రొద్దుటూరు పిల్లలతో

మా ఆవరణంలో స్తంభం పాతవలసి వచ్చినప్పుడు ఒక బేల్దారి కావలసి వచ్చింది. ఆ పొట్టి పాప తండ్రి బేల్దారి పని చేస్తాడు. పిలిస్తే వచ్చాడు. పాత బోరు పైపును నిలబెట్టి, తూకపుగుండు వేసి చూసి, కూలి తీసుకోకుండా పాతిపెట్టాడు. రింగు ఎత్తు కొలవడానికి కూతురే టేపు పట్టుకుంది. పోయేటప్పుడు, "చదువు చెడకుండా చూడండయ్యగారూ" అని ఒక్క మాట అన్నాడు. ఆటకు ముందు గంట చదువు అన్న నియమం ఆ రోజు నుండి పెట్టాము.

ఈ వేసవిలో ప్రొద్దుటూరు పిల్లలు జమ్మలమడుగుకు వచ్చారు. ఈసారి కూడా మేము ఓడిపోయాము, నాలుగు పాయింట్ల తేడాతో. వారూ ఊరికే కూర్చోలేదు కదా! అయితే నోటుపుస్తకంలో ఈసారి పాసుల లెక్క ఉంది. మా పదిమందిలో బంతి అందని పిల్ల ఒక్కతె లేదు. దగ్గర నుండి వేసినవి 16, పడినవి 9. అందులో రెండు ఆ పాపవి. మరి నాలుగింటికి బంతి అందించినది కూడా ఆమే.

ఆట అయిపోయాక ఆ తల్లి మా దగ్గరకు వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. "పులివెందుల ఆట ఎప్పుడు సామీ? ఆ పొద్దు కూలికి పోను" అని మాత్రం చెప్పి వెళ్ళింది. పాప ఇప్పుడు పదవ తరగతి. తెల్లవారి చదువు ముగించి ఆరింటికి గోడ దగ్గరకు వస్తుంది. ఆమె వెనుక ఇంకా చిన్న పిల్లలు ముగ్గురు నిలబడి ఉంటారు.

మీ సంఘ ఆవరణంలో కూడా ఒక గోడ ఉండే ఉంటుంది. ఒక బంతి కొనండి. పిల్లలు ఆడేటప్పుడు ఎవరు బాగా వేస్తున్నారని చూసే ముందు, బంతి ఎవరి చేతికి రాలేదో చూడండి. మేము చూడక చేసిన తప్పు మీరు చేయకూడదని ఇంత వ్రాశాము.